నీళ్ల ల్యాబులో సీరియల్ పోర్టులు: అనంతపురం ప్రాజెక్టు డైరీ

ఏముంది, ఏం తప్పుతోంది

అనంతపురంలో నీళ్లు, మట్టి పరీక్షించే ఒక ల్యాబు. బల్ల మీద నాలుగు పరికరాలున్నాయి: 0.1 మిల్లీగ్రాము దాకా చూపే తూకం, ఫ్లోరైడ్ ఎలక్ట్రోడు తగిలించిన అయాన్ మీటరు, కండక్టివిటీ మీటరు, పాతకాలం స్పెక్ట్రోఫోటోమీటరు. నాలుగింటి వెనకా ఆర్‌ఎస్-232 పోర్టు (డేటాను ఒక్కో బిట్‌గా వరసగా పంపే పాత రకం సీరియల్ పోర్టు) ఉంది. రీడింగు రిజిస్టరులో రాసుకుని, సాయంత్రం కూర్చుని కంప్యూటరులో ఎక్కించే పని తప్పించి నేరుగా ఫైలులోకి తీసుకోవడం ఈ ప్రాజెక్టు ఉద్దేశం.

కేబుళ్లు ఇదివరకే వేసి ఉన్నాయి. అవి ఒకరోజు పనిచేస్తాయి, ఇంకోరోజు మొరాయిస్తాయి. తూకం పంపే లైన్లలో కొన్ని అంకెలు బాగుంటాయి, కొన్ని పిచ్చి గుర్తులుగా వస్తాయి. కండక్టివిటీ లైన్లలో మధ్యమధ్య అక్షరాలు ఎగిరిపోతాయి. అయాన్ మీటరుకు కేబుల్ పెట్టగానే తెర మీది రీడింగే పక్కకు జరిగి మారిపోతుంది. స్పెక్ట్రో అసలు నోరు విప్పదు. కరెంటు పోయి వచ్చిందంటే మిగతా మూడూ ఆగిపోతాయి.

డేటా రాకపోతే ఎవరికైనా తెలుస్తుంది, మళ్లీ తీసుకుంటారు. తప్పు అంకె సరైనదానిలా కనిపిస్తూ వస్తే అది రిపోర్టులోకి వెళ్లిపోతుంది. ఈ జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ పాత బెడద. భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. రిపోర్టులో 1.4 ఉందా 1.6 ఉందా అన్నదాన్ని బట్టి ఒక ఊళ్లో బోరు నడపాలో ఆపాలో తేలుస్తారు. అందుకే ఈ పనిలో మొదటి నుంచీ పట్టుకున్న నియమం ఒకటే: లైను పోయినా ఫరవాలేదు, చెడిన లైను మాత్రం చెడినట్టు దొరికిపోవాలి.

ముందు మల్టీమీటరు

సాఫ్ట్‌వేరు తెరవకముందే తీగ మీద వోల్టేజి చూడాలి. బాడ్ రేట్లు (సెకనుకు ఎన్ని బిట్లు పంపాలనే అమరిక) ఒక్కొక్కటే మార్చుకుంటూ కూర్చుంటే పూట గడిచిపోతుంది. మల్టీమీటరుతో ఐదు నిమిషాల్లో సగం కారణాలు కొట్టేయొచ్చు.

కేబుల్ రెండు కొసలూ పీకి, పరికరం ఆన్ చేసి, మీటరును డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టాలి. నల్ల ప్రోబు 9 పిన్ల కనెక్టరులో 5వ పిన్ను మీద (గ్రౌండు), ఎర్ర ప్రోబు ముందు 2 మీద, తర్వాత 3 మీద. ఆర్‌ఎస్-232లో ఖాళీగా ఉన్న లైను నెగెటివ్‌లో కూర్చుంటుంది: −3 నుంచి −15 వోల్టుల వరకు 1 కింద లెక్క, +3 నుంచి +15 వరకు 0 కింద లెక్క. ఏ పిన్ను మీద −5 నుంచి −12 మధ్య వస్తుందో అది ఆ పరికరం పంపే పిన్ను. సున్నా దగ్గర ఉన్నది వినే పిన్ను. కంప్యూటరు వైపు అడాప్టరుకూ ఇదే కొలత. ఇటు పంపే పిన్ను అటు వినే పిన్నుకు కలవాలి, అంతే. స్ట్రెయిట్ కేబులా, క్రాస్ కేబులా అని మాన్యువల్ వెతుక్కోనక్కర లేదు.

ఖాళీ లైను మీద +3.3 గానీ +5 గానీ కనిపిస్తే అది ఆర్‌ఎస్-232 కాదు, టీటీఎల్ లైను, అంటే చిప్‌ల మధ్య నేరుగా నడిచే చిన్న వోల్టేజి సిగ్నల్. మధ్యలో ఈ వోల్టేజిలను అటూ ఇటూ మార్చే మాక్స్3232 చిప్ ఉన్న బోర్డు పెట్టకుండా కలపకూడదు.

కొన్ని పరికరాలు ఇదే కనెక్టరులో వాడని పిన్నుల మీద 5 లేదా 12 వోల్టుల సప్లై బయటికి ఇస్తాయి, ప్రింటరుకో విడి డిస్‌ప్లేకో పనికొస్తుందని. తొమ్మిది తీగలూ కలిపిన రెడీమేడ్ కేబుల్ పెడితే ఆ సప్లై అడాప్టరు పిన్నులోకి పోతుంది. అందుకే తూకానికి 2, 3, 5 మాత్రమే కలిపి కొత్త కేబుల్ టంకం పెట్టాం.

తూకం, అయాన్ మీటరు ఈ పరీక్షలో నెగ్గాయి. కండక్టివిటీ మీటరు దగ్గర మాత్రం తేడా కనిపించింది. కేబుల్ లేకుండా −7.8 వోల్టులు ఉన్నది, కంప్యూటరుకు కలపగానే −3.2కి పడిపోయింది. ఆర్‌ఎస్-232 రిసీవరు 3 నుంచి 7 కిలో ఓమ్‌ల లోడు. ఆ పాటి లోడుకే వోల్టేజి ఇంత కుంగిందంటే లైనులోకి సిగ్నల్ పంపే డ్రైవరు చిప్ నీరసంగా ఉన్నట్టు. కాబట్టి వోల్టేజి ఎప్పుడూ రెండు సార్లు, కేబుల్ లేకుండా ఒకసారి, కలిపాక ఒకసారి చూడాలి. కలిపాక చూడాలంటే కనెక్టరు వెనక కవరు విప్పి టంకం చుక్కల మీద ప్రోబు పెట్టొచ్చు, లేదా బ్రేకవుట్ బోర్డు (పిన్నులన్నీ కొలవడానికి వీలుగా బయటికి తీసిన బోర్డు) ఒకటి మధ్యలో పెట్టుకోవచ్చు.

కండక్టివిటీ మీటరు: ఎండిపోయిన కెపాసిటర్లు

మీటరు విప్పితే లోపల మాక్స్232 చిప్, చుట్టూ 1 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు నాలుగు. ఈ చిప్ 5 వోల్టుల సప్లై నుంచి తానే దాదాపు +10, −10 వోల్టులు తయారు చేసుకుంటుంది. ఆ పని చేసేది ఈ నాలుగు కెపాసిటర్లే. వేసవిలో నలభై దాటే ఊళ్లో, ఏసీ లేని గదిలో, ట్రాన్స్‌ఫార్మరు పక్కన ఏళ్ల తరబడి ఉంటే లోపలి ఎలక్ట్రోలైటు ఎండిపోతుంది, లోడు పడగానే వోల్టేజి కుంగుతుంది.

నిర్ధారించుకోవడానికి చిప్ మీద 15వ పిన్ను గ్రౌండుగా తీసుకుని 2వ పిన్ను (చిప్ తయారుచేసే పాజిటివ్ వోల్టేజి), 6వ పిన్ను (నెగెటివ్ వోల్టేజి) చూడాలి. ఇక్కడ +6.1, −3.9 వచ్చాయి. 16వ పిన్ను మీద సప్లై నిక్కచ్చిగా 5.02 ఉంది కాబట్టి పవర్ సప్లైని అనుమానించే పని లేదు.

నాలుగు కెపాసిటర్లనూ 1 మైక్రోఫారడ్, 25 వోల్టులు, 105 డిగ్రీల రకంతో మార్చాం. 6వ పిన్ను దగ్గరి కెపాసిటరుకు ప్లస్ కాలు గ్రౌండు వైపు, మైనస్ కాలు 6వ పిన్ను వైపు వస్తుంది. అలవాటు కొద్దీ మైనస్‌ను గ్రౌండుకు పెడితే కొన్నాళ్లకు ఉబ్బుతుంది. పాతవి తీసే ముందు ఫోనుతో ఫొటో తీసుకుంటే ఈ తికమక ఉండదు. మార్చాక కేబుల్ కలిపి ఉండగానే −8.4 వచ్చింది.

ఇంత నీరసమైన లైను ఇన్నాళ్లూ ఎలా నడిచింది? ప్రమాణం ±3 వోల్టులు అడిగినా, అసలు రిసీవరు చిప్‌లు 0.8 నుంచి 2.4 వోల్టుల మధ్య ఎక్కడో ఒకచోట 0కీ 1కీ తేడా కడతాయి. కాబట్టి +3.2 వచ్చినా 0 కిందే చదువుతాయి. కానీ మిగిలిన వెసులుబాటు ఒక వోల్టు కూడా లేదు. పక్కన ఏ మోటారో తట్టి లేచిందంటే ఆ వోల్టు కాస్తా పోతుంది. ఎప్పుడో ఒకసారి తప్పే లైన్లలో ఎక్కువ భాగం ఇలాంటివే: బలహీనత ఒకచోట ఉంటుంది, దెబ్బ ఇంకోచోట నుంచి పడుతుంది.

ఆ దెబ్బ వేడి గాలి ఓవెన్ నుంచి వస్తోంది. మట్టి తేమ తీయడానికి 105 డిగ్రీల్లో పెట్టే ఓవెన్ అది. థర్మోస్టాట్ కాంటాక్టరు (హీటరును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చి) టక్కుమన్నప్పుడల్లా లైనులో ఒకటో రెండో అక్షరాలు పోతున్నాయి. పరికరాన్ని పక్కన పెట్టి, కేబుల్ అవతలి కొసన 2, 3 పిన్నులు కలిపి లూప్‌బ్యాక్ వేస్తే ఇది బయటపడింది. కంప్యూటరు తాను పంపిన వరసనే మళ్లీ చదివి, తేడా వచ్చిన ప్రతిసారీ టైము రాసుకుంటుంది. ఆ టైములు ఓవెన్ దీపం వెలిగి ఆరే టైములతో సరిపోయాయి. లూప్‌బ్యాక్‌ను అడాప్టరు దగ్గర కాదు, కేబుల్ చివర వేయాలి. అడాప్టరు దగ్గర వేస్తే అడాప్టరు బాగుందని మాత్రమే తెలుస్తుంది.

కాంటాక్టరు కాయిల్‌కు అడ్డంగా 100 ఓమ్‌ల రెసిస్టరు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు సిరీస్‌లో పెట్టాం (దీన్నే స్నబ్బరు అంటారు). కెపాసిటరు ఎక్స్2 రకం, 275 వోల్టుల ఏసీది అయి తీరాలి. మామూలు సిరామిక్ కెపాసిటరు 230 వోల్టుల లైను మీద పెడితే పేలే ప్రమాదం ఉంది. సిగ్నల్ కేబుల్‌ను ఓవెన్ వైరు పక్కనే ఒకే పట్టీలో కట్టి ఉంచారు. దాన్ని విప్పి ఒక అడుగు దూరం జరిపి, దాటక తప్పని చోట అడ్డంగా దాటించాం. చదునైన పాత కేబుల్ తీసేసి షీల్డు ఉన్నది వేశాం, షీల్డు కంప్యూటరు వైపు లోహపు షెల్‌కు మాత్రమే కలిపి. ఆ తర్వాత రాత్రంతా లూప్‌బ్యాక్ నడిపితే ఓవెన్ ఎన్నిసార్లు తట్టినా తేడా ఒక్కటీ నమోదు కాలేదు.

తూకం: 0, 3, 5, 6, 9 మాత్రమే బాగుంటే

దీనికి వైరుతో పని లేదు. వచ్చిన లైన్లను వరసగా పెట్టి చూస్తే 0, 3, 5, 6, 9 ఎప్పుడూ సరిగ్గానే ఉన్నాయి. 1, 2, 4, 7, 8 ఎప్పుడూ చెడుతున్నాయి. ఇంత క్రమంగా చెడేది నాయిస్ వల్ల కాదు. ఇది పారిటీ తేడా గుర్తు. పారిటీ అంటే తప్పు పట్టుకోవడానికి అక్షరం చివర కలిపే ఒక బిట్; ఈవెన్ పారిటీలో దానితో కలిపి 1ల లెక్క సరి సంఖ్య కావాలి.

తూకం పంపేది 2400 బాడ్, 7 డేటా బిట్లు, ఈవెన్ పారిటీ, 1 స్టాప్ బిట్. కంప్యూటరు చదివేది 2400, 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్. రెండు పద్ధతుల్లోనూ ఒక అక్షరానికి స్టార్ట్ బిట్‌తో కలిపి పది బిట్లే. పొడవు ఒకటే కాబట్టి ఫ్రేమింగ్ ఎర్రర్ (అక్షరం హద్దులు తప్పాయనే హెచ్చరిక) రాదు, కంప్యూటరుకు అనుమానమే రాదు. పారిటీ బిట్‌ను ఎనిమిదో డేటా బిట్‌గా చదివేస్తుంది. 3 అనే అక్షరంలో 1లు నాలుగు, సరి సంఖ్య. పారిటీ బిట్ 0, అక్షరం క్షేమం. 1 అనే అక్షరం కోడ్ 49, అందులో 1లు మూడు. పారిటీ బిట్ 1 అవుతుంది, కోడ్‌కు 128 కలిసి 177 అవుతుంది, తెర మీద చెత్త గుర్తు పడుతుంది.

లైను చివరి గుర్తులకూ ఇదే గతి. కోడ్ 13కు 1లు మూడు కాబట్టి 141గా వస్తుంది. కోడ్ 10కి రెండే కాబట్టి మారదు. అందుకే 13 కోసం ఎదురుచూసే ప్రోగ్రాం ఎప్పటికీ అలా చూస్తూనే ఉంటుంది, 10 కోసం చూసేది మాత్రం చెత్తతోనైనా లైను అందిస్తుంది. ఒకే తూకం, ఒకే కేబుల్, ఒక ప్రోగ్రాంలో నిశ్శబ్దం, ఇంకో ప్రోగ్రాంలో చెత్త కనిపిస్తే ఇక్కడ వెతకాలి.

పై బిట్ కొట్టేస్తే అంకెలు బాగుపడతాయని కొందరు ప్రోగ్రాంలో ఆ ఏర్పాటు చేస్తారు. వద్దు. పారిటీ ఉన్నదే ఒక బిట్ చెడితే పట్టుకోవడానికి, దాన్ని చదవకుండా పారేస్తే ఉన్న ఒక్క కాపలా పోతుంది. పోర్టును 7 బిట్లు, ఈవెన్‌కు మార్చడమే సరి. చవక యూఎస్‌బీ అడాప్టర్లతో ఇక్కడ ఒక చిక్కుంది. పాత లినక్స్ కెర్నెల్‌లలో వాటిలోని సీహెచ్340, 341 చిప్‌లను నడిపే సీహెచ్341 డ్రైవరు (సాఫ్ట్‌వేరు) పారిటీ అమరికను పట్టించుకోదు, అడిగినా 8 బిట్లలోనే ఉంటుంది. కెర్నెల్ కొత్తదైతే ఇబ్బంది లేదు. తూకానికి ఎఫ్‌టీ232ఆర్ చిప్ ఉన్న అడాప్టరు వాడుతున్నాం.

సరిచేశాక పరీక్షించడానికి 50 గ్రాముల బాట్ ఒక్కటి పెట్టి చూస్తే చాలదు. 50.0000లో ఉన్న 5, 0 రెండూ తప్పు అమరికలో కూడా సరిగ్గానే వస్తాయి! చెడే అంకెలన్నీ ఉండే బరువు పెట్టాలి. స్టాండర్డ్ బాట్ల పెట్టెలోంచి 50, 20, 5, 2, 1 గ్రాములు, 200, 10, 2, 2 మిల్లీగ్రాములు తీసి కలిపి పెడితే 78.214 గ్రాములు అవుతుంది. 7, 8, 2, 1, 4 అయిదూ ఒకే లైనులో వస్తాయి. ఈ సెట్టు పేరు రాసి బాట్ల పెట్టె మూతకు అంటించాం. అడాప్టరు మార్చినా, కంప్యూటరు మార్చినా ముందు ఇది పెట్టి చూడాలి.

అయాన్ మీటరు: కేబుల్ పెడితే రీడింగు జరగడం

ఈ ప్రాజెక్టులో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. మిగతా చోట్ల చెడేది డేటా, ఇక్కడ చెడేది కొలతే. తెర మీది అంకె, ఫైలులోని అంకె రెండూ ఒకటే ఉంటాయి, రెండూ తప్పే.

ఫ్లోరైడ్ ఎలక్ట్రోడు 25 డిగ్రీల దగ్గర గాఢత పదింతలు మారితే సుమారు 59 మిల్లీవోల్టులు మారుతుంది. లెక్క తిప్పి చూస్తే 1 మిల్లీవోల్టు జరిగితే 4 శాతం తప్పు, 5 మిల్లీవోల్టులు జరిగితే 20 శాతం పైన. 1.5 ఉన్న నీళ్లు 1.2గా కనిపించడానికి అంతకంటే ఎక్కువ అక్కర లేదు.

ఎందుకు జరుగుతుంది? రిఫరెన్స్ ఎలక్ట్రోడు నీళ్లలో మునిగి ఉంటుంది. మీటరు లోపల అది సిగ్నల్ గ్రౌండుకు దగ్గరగా ఉంటుంది. ఆ గ్రౌండే సీరియల్ పోర్టు 5వ పిన్ను. కేబుల్ పెట్టగానే అది కంప్యూటరు బాడీకి, అక్కడి నుంచి యూపీఎస్ ఎర్తుకు కలుస్తుంది. అదే బీకరులో ఇంకో పరికరం తాలూకు స్టీలు ఉష్ణోగ్రత ప్రోబు మునిగి ఉండి, ఆ పరికరం గోడ సాకెట్ ఎర్తు మీద ఉంటే, వలయం నీళ్ల గుండా పూర్తవుతుంది. రెండు ఎర్తుల మధ్య ఉన్న తేడా రిఫరెన్స్ జంక్షన్ గుండా కరెంటు తోస్తుంది. రీడింగు జరుగుతుంది, స్టిర్రరు వేస్తే ఊగుతుంది.

ఎర్తు తేడా ఉందో లేదో కొలవడంలో ఒక మెలకువ ఉంది. కేబుల్ తీసి, కంప్యూటరు బాడీకీ మీటరు 5వ పిన్నుకూ మధ్య ఏసీ వోల్టులు చూస్తే దాదాపు 100 వచ్చింది. చూడగానే భయమేస్తుంది గానీ, రెండు పిన్నుల అడాప్టరుతో నడిచే ఏ పరికరమైనా అంతే చూపిస్తుంది. లోపలి ఫిల్టరు కెపాసిటర్ల గుండా వచ్చే లీకేజీ అది. మల్టీమీటరు ప్రోబులకు అడ్డంగా 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు పెట్టి మళ్లీ చూడాలి. లీకేజీ అయితే 1, 2 వోల్టులకు పడిపోతుంది. అయాన్ మీటరు విషయంలో పడిపోయింది.

తర్వాత యూపీఎస్ సాకెట్ ఎర్తు పిన్నుకూ, గోడ సాకెట్ ఎర్తు పిన్నుకూ మధ్య చూస్తే 2.7 వోల్టులు. రెసిస్టరు పెట్టినా కదల్లేదు. ఇది అసలు తేడా. యూపీఎస్‌కు విడిగా ఒక ఎర్త్ పిట్, భవనానికి ఇంకొకటి ఉన్నాయి. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వానే పడే నేల ఇది. వేసవిలో పిట్‌లో నీళ్లు పోసే దిక్కు లేకపోతే బొగ్గు, ఉప్పు పొరలు ఎండి రెసిస్టెన్సు పెరిగిపోతుంది. ఎండాకాలంలో ఎక్కువగా, వానలు పడ్డాక తక్కువగా కనిపించే లోపాలకు ఇదొక కారణం. ఎలక్ట్రీషియన్‌తో రెండు పిట్‌లను జీఐ పట్టీతో కలిపించి, నీళ్లు పోసే పని వారానికోసారి ఒకరికి అప్పగించాక తేడా 0.3కి దిగింది.

వలయం తెంచడానికి త్రీపిన్ ప్లగ్గులోంచి ఎర్తు తీగ పీకేసేవాళ్లు ఉన్నారు. నీళ్లతో, యాసిడ్లతో పనిచేసే బల్ల మీద అది ప్రాణాంతకం. ఎవరు చేసి ఉన్నా వెంటనే మళ్లీ కలపాలి.

0.3 వోల్టులు కూడా ఎలక్ట్రోడుకు ఎక్కువే కాబట్టి ఐసొలేటర్ (డేటాను దాటిస్తూ రెండు వైపుల గ్రౌండులనూ విడదీసేది) తప్పదు. ఏడీయూఎం4160 చిప్ ఉన్న యూఎస్‌బీ ఐసొలేటర్ బోర్డును కంప్యూటరుకూ సీరియల్ అడాప్టరుకూ మధ్య పెట్టాం. ఈ చిప్ 12 మెగాబిట్ల ఫుల్ స్పీడు దాకా నడుస్తుంది, సీరియల్ అడాప్టరుకు అది చాలు. బోర్డు మీది 1 వాట్ డీసీ-డీసీ మాడ్యూల్ 5 వోల్టుల దగ్గర 200 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది, ఒక అడాప్టరుకు సరిపోతుంది గానీ హబ్ తగిలించకూడదు. ఇలాంటివి ఇక్కడ అంగళ్లలో దొరకవు. బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో కొని రాత్రి బస్సుకు పార్సిల్ వేయిస్తే పొద్దున్నే చేతికొస్తాయి.

ఐసొలేటర్ పెట్టాక ఒక తప్పు దారి మిగిలే ఉంటుంది: అడాప్టరు లోహపు షెల్ ఇంకేదైనా ఎర్తయిన లోహానికి తగిలితే ఐసొలేషన్ వృథా. అడాప్టరును ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత వేశాం.

పరీక్ష ఇలా పెట్టుకున్నాం. లీటరుకు 1.0 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ స్టాండర్డు 10 మిల్లీలీటర్లు, టిసాబ్ (నీళ్ల పీహెచ్, అయాన్ల బలం ఒకే స్థాయిలో ఉంచే ద్రావణం) 10 మిల్లీలీటర్లు, ప్లాస్టిక్ బీకరు. రీడింగు నిలకడకు వచ్చాక నాలుగు స్థితుల్లో మిల్లీవోల్టులు రాయాలి: కేబుల్ తీసి స్టిర్రరు ఆపి, కేబుల్ తీసి స్టిర్రరు వేసి, కేబుల్ పెట్టి స్టిర్రరు ఆపి, కేబుల్ పెట్టి స్టిర్రరు వేసి. స్టిర్రరు వేసినప్పటికీ ఆపినప్పటికీ కలవడం వల్లే కొంత తేడా వస్తుంది, కాబట్టి పోల్చాల్సింది కేబుల్ ఉన్నప్పటికీ లేనప్పటికీ. ఆ తేడా 0.2 మిల్లీవోల్టులు దాటకూడదు, అంటే 0.8 శాతం. ఐసొలేటర్ లేకుండా 3 పైన ఉన్నది, పెట్టాక 0.1కి వచ్చింది. కొలతకు నలుగురూ ఆధారపడే పరికరం ఇది, అందుకే ఈ పరీక్ష నెలకోసారి చేసి రిజిస్టరులో రాయాలని పెట్టుకున్నాం.

స్పెక్ట్రో: 25 పిన్నుల కనెక్టరు

ఇది ఒకప్పుడు సీరియల్ ప్రింటరుకు పంపేలా తయారైంది. రెండు కారణాలతో మూగబోయింది.

మొదటిది కేబుల్. స్పెక్ట్రో పోర్టు, కంప్యూటరు పోర్టు రెండూ డీటీఈ రకమే (పిన్నులు కంప్యూటరు వైపు పద్ధతిలో ఉన్నవి) కాబట్టి తీగలు మెలిక వేయాలని అందరికీ తెలుసు. కానీ 25 పిన్నుల కనెక్టరులో పంపే పిన్ను 2, వినేది 3. 9 పిన్నుల దాంట్లో వినేది 2, పంపేది 3. అంటే మెలిక కనెక్టర్ల తేడాలోనే వచ్చేసింది: 2ను 2కు, 3ను 3కు కలపాలి. గ్రౌండు మాత్రం 9 వైపు 5, 25 వైపు 7. పాత కేబుల్‌లో మళ్లీ మెలిక వేసి ఉంది, దాంతో రెండు పంపే పిన్నులూ ఎదురెదురు పడ్డాయి.

రెండోది హ్యాండ్‌షేక్, అంటే పంపే ముందు అవతలివైపు సిద్ధంగా ఉందో లేదో చూసుకునే ఏర్పాటు. స్పెక్ట్రో పంపే ముందు 5వ పిన్ను మీద ‘పంపొచ్చు’ అనే సంకేతం పాజిటివ్‌లో ఉందో లేదో చూస్తుంది. మూడు తీగల కేబుల్‌తో అది ఎన్నటికీ రాదు. కొందరు 25 వైపు 4, 5 పిన్నులు అక్కడికక్కడే కలిపేస్తారు. అది నడుస్తుంది గానీ, అడ్డు చెప్పేవాళ్లు లేక పరికరం గుక్క తిప్పుకోకుండా పంపేస్తుంది. స్కాను లాంటి పెద్ద డేటాకు నిజమైన తీగలే మేలు: 9 వైపు 7 నుంచి 25 వైపు 5కు, 9 వైపు 8 నుంచి 25 వైపు 4కు, 4 నుంచి 6కు, 6 నుంచి 20కు. ప్రోగ్రాంలో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆన్.

400 నుంచి 700 నానోమీటర్ల దాకా ఒక్కో నానోమీటరు స్కానుకు 301 లైన్లు. లైనుకు 16 అక్షరాలు చొప్పున 4816 అక్షరాలు, 9600 బాడ్‌లో సెకనుకు 960 కాబట్టి అయిదు సెకన్లు. ఫైలు చేరాక లైన్లు 301 ఉన్నాయా, తరంగదైర్ఘ్యం ఒక్కొక్కటే పెరుగుతోందా అని ప్రోగ్రామే చూస్తుంది. ఒక్క లైను తగ్గినా స్కాను మొత్తం పక్కన పెట్టి మళ్లీ తీసుకోమంటుంది.

కంప్యూటరు వైపు

ఉబుంటు 22.04లో సీహెచ్340 అడాప్టరు పెట్టగానే పోర్టు కనిపించి మాయమైతే కారణం బీఆర్‌ఎల్‌టీటీవై. బ్రెయిల్ డిస్‌ప్లేల కోసం ఉన్న ఆ ప్యాకేజీ నియమాల్లో ఒక డిస్‌ప్లే గుర్తింపు సంఖ్య 1ఏ86:7523. సీహెచ్340దీ అదే. బ్రెయిల్ డిస్‌ప్లే వాడేవాళ్లు లేని కంప్యూటరులో ఆ ప్యాకేజీ తీసేస్తే చాలు. మోడెమ్‌మేనేజర్ ఇంకో రకం: కొత్త పోర్టు కనిపిస్తే మోడెమేమోనని ఏటీ కమాండ్లు పంపి చూస్తుంది. పరికరానికి ఆ అక్షరాలు అర్థం కాక ఎర్రర్ చూపిస్తుంది, కొన్నిసార్లు మోడ్ కూడా మారిపోతుంది. దాన్నీ ఆపేశాం.

విండోస్ వాడే చోట ఇంకో వింత. తూకం ఆగకుండా డేటా పంపే మోడ్‌లో ఉండగా కంప్యూటరు లేచిందంటే, విండోస్ దాన్ని సీరియల్ మౌస్ అనుకుంటుంది. కర్సరు తనంతట తాను గెంతుతుంది, పోర్టు మాత్రం బిజీ అంటుంది. డివైస్ మేనేజర్‌లో ఆ మౌస్‌ను డిసేబుల్ చేయాలి, ఎఫ్‌టీడీఐ (ఎఫ్‌టీ232ఆర్ చిప్ తయారు చేసే కంపెనీ) అడాప్టరైతే అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో సీరియల్ ఎన్యూమరేటర్ టిక్కు తీసేయాలి. అసలు తూకాన్ని అడిగినప్పుడే పంపే మోడ్‌లో పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

పోర్టు పేర్లు కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తారుమారవుతాయి. తూకం లైనును కండక్టివిటీ అనుకుని చదివితే ఎంత ప్రమాదమో చెప్పనక్కర లేదు. లినక్స్‌లో అడాప్టరు సీరియల్ నంబరుతో ఉండే స్థిరమైన పేరు వాడాలి. సీహెచ్340లకు సాధారణంగా సీరియల్ నంబరు ఉండదు కాబట్టి, అవి రెండుంటే ఏ యూఎస్‌బీ సాకెట్‌లో ఉందో చెప్పే పేరు వాడి, సాకెట్ పక్కన స్టిక్కరు అంటించాలి. హబ్‌కు సొంత 5 వోల్టుల, 2 ఆంపియర్ల అడాప్టరు ఉండాలి, అది యూపీఎస్ మీద ఉండాలి.

ప్రోగ్రాం పైథాన్‌లో, పైసీరియల్ లైబ్రరీతో రాశాం. తూకం లైను ఖచ్చితంగా 17 అక్షరాలు: స్థితి చెప్పే రెండక్షరాలు, కామా, గుర్తు, ఎనిమిది స్థానాల అంకె, యూనిట్, చివర 13, 10 కోడ్‌లు. స్థితి ‘ఎస్‌టీ’ అయితే నిలకడ, ‘యూఎస్’ అయితే ఇంకా ఊగుతోంది, ‘ఓఎల్’ అయితే బరువు మించింది. 17 లేకపోయినా, ‘ఎస్‌టీ’ కాకపోయినా ఆ లైను ఫలితాల్లోకి రాదు. చెడిన లైన్లను కూడా వచ్చిన బైట్లు వచ్చినట్టే టైముతో వేరే ఫైలులో దాస్తాం. పైన చెప్పిన పారిటీ సంగతి అలాంటి ఫైలు చూస్తేనే తెలిసింది.

ఒక్కసారి చదివితే ఒక్క లైను వస్తుందని నమ్మకూడదు. ఎఫ్‌టీ232ఆర్ తన దగ్గర 62 బైట్లు నిండాక గానీ, 16 మిల్లీసెకన్లు గడిచాక గానీ కంప్యూటరుకు అందిస్తుంది. 2400 బాడ్‌లో 17 అక్షరాలకు 71 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి లైను నాలుగైదు ముక్కలుగా రావడం సహజం. ముక్కలు కూడబెట్టి, 10 వచ్చాకే లైనుగా లెక్కించాలి. వెంటనే ఇచ్చే కమాండుకు అర సెకను, నిలకడ కోసం ఆగి ఇచ్చే కమాండుకు 15 సెకన్ల గడువు పెట్టాం. ఫ్యాను గాలి తగిలే చోట తూకం అంతసేపూ తీసుకుంటుంది.

పోర్టు తెగిపోతే ప్రోగ్రాం 2 సెకన్లు ఆగి మళ్లీ తెరుస్తుంది. తెరిచినప్పుడు బాడ్, బిట్లు, పారిటీ అన్నీ మళ్లీ పెట్టాలి, ఇన్‌పుట్ బఫరు ఖాళీ చేయాలి, మొదటి లైను వాడకూడదు. అది సగంలో మొదలైన లైను కావచ్చు.

ఇంకా మిగిలినది

కండక్టివిటీ మీటరులో పారిటీ పెట్టుకునే వీలు లేదు, లైనులో చెక్‌సమ్ (లైను చెడిందో లేదో చూడటానికి చివర కలిపే లెక్క) లేదు. 1250 కాస్తా 1258గా మారితే లైను చూసి చెప్పే మార్గం లేదు. ప్రస్తుతానికి ఒక నమూనాకు రెండు సార్లు అడిగి, రెండూ 0.5 శాతం లోపు కలిస్తేనే తీసుకుంటున్నాం. కలవకపోతే మూడోసారి అడగకుండా తెర మీది అంకె చూసి చేత్తో ఎక్కించమని ప్రోగ్రాం ఆగుతుంది.

అయాన్ మీటరుకు ఇంకొక ఐసొలేటర్ బోర్డు, మాక్స్232 చిప్‌లు రెండు, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు ఎనిమిది, 9 పిన్నుల ఫీమేల్ కనెక్టర్లు నాలుగు, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు తెప్పించి సొరుగులో పెట్టాలి. మఫుల్ ఫర్నేస్ కాంటాక్టరుకు కూడా స్నబ్బరు వేయాల్సి ఉంది. స్పెక్ట్రో కేబుల్‌కు ఇప్పుడున్న స్క్రూలు వదులుగా ఉన్నాయి, జాక్‌స్క్రూలు మార్చాక రాత్రంతా లూప్‌బ్యాక్ నడిపి ఆ ఫలితం ఇక్కడ రాస్తాం.